అసలు కేసెట్టు

అల్లుడు అన్నం ముందునుంచి లేచిపోయాడు.

విస్తరిలో పప్పు కలిపిన ముద్ద అలాగే ఉంది. ఆనపకాయ కూర ముట్టుకోనేలేదు. నెయ్యి వడ్డించడానికి వచ్చిన తులసమ్మ గిన్నె చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ఆమె కళ్ల ముందే అనిల్‌కుమార్ ఎంగిలిచెయ్యి ముడుచుకుని, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా పెరట్లోకి వెళ్లిపోయాడు.

“మజ్జిగ పొయ్యి,” అన్నాడు నరసింగరావు.

తులసమ్మ పెరటి గుమ్మం వైపే చూస్తోంది.

“నిన్నే. చెవుడేటి? మజ్జిగ.”

“అల్లుడు లేచిపోనాడండీ.”

“చూసాను. నిజం చెప్తే లేచిపోయీవోడు సంగీతం జోలికి ఎందుకు రావాల? మిల్లులో రైలుపట్టా వంకరగా వస్తే వంకరుందనే అంటాం. పట్టా అలిగి ఎల్లిపోతాదేటి?”

పక్క విస్తరి ముందున్న వెంకటేశ్వరరావు కిసుక్కున నవ్వాడు. ఈ హిందీ ఊళ్లోని తెలుగు సంఘానికి కార్యదర్శి ఆయన. ఆదివారం పూట ఈ క్వార్టరుకి వచ్చి పాటలు వినడం, పాటలయ్యాక నరసింగరావు చెప్పేది వినడం, అదీ అయ్యాక తలూపి వెళ్లడం ఆయనకు అలవాటు.

“రైలుమిల్లులో ఇన్నేళ్లు ఫోర్‌మన్‌గా చేసిన మనిషండీ గురువుగారు. వంకర కంట పడితే ఊరుకుంటారేటి?” అన్నాడు.

కృష్ణప్రియ విస్తరి ముందు కూర్చుని ఏడవడం లేదు. ఏడుస్తుందని తండ్రి ఎదురుచూస్తున్నాడు గనక ఏడవడం లేదు.

“తుక్కు అన్నావు నాన్నా. బయటి మనిషి సామ్‌నే మా ఆయన్ని తుక్కు అన్నావు.”

“ఆయన్ని అన్లేదు. ఆయన కేసెట్టుని అన్నాను. అదైనా సరిగ్గా విను. మన ప్లాంటులో తుక్కు కరిగిస్తే ఉక్కయినా వస్తాది, నీ మొగుడి కేసెట్టు కరిగిస్తే ఏటొస్తాదీ అన్నాను.”

వెంకటేశ్వరరావుకి ఈసారి పొలమారింది.

గొడవంతా ‘రేవు దాటిన పడవ’ గురించి. ముప్పై ఏళ్ల నాటి నలుపు తెలుపు సినిమా. అందులో కోడలు తెల్లవారకముందే అత్తింటి గడప దిగి, రేవుకి నడిచి, పడవెక్కి వెళ్లిపోతుంది. అంతసేపూ ఒక్క మాట ఉండదు. సంగీతమే. సెక్టర్ సిక్స్‌లో సాయంత్రం జరిగే సంఘం వార్షికోత్సవంలో వినిపించాలని అనిల్‌కుమార్ తన ఖుర్సీపార్ పేట ఆర్కెస్ట్రాతో కలిసి ఆ సినిమా పాటల్నీ, ఆ రేవు సంగీతాన్నీ కీబోర్డు మీద కొత్తగా వాయించి, రాయపూర్ వెళ్లి రికార్డు చేయించుకొచ్చాడు. అందరికంటే ముందు మామగారికి వినిపించాలని పట్టుకొచ్చాడు. అంతకంటే అతను చేసిన నేరం లేదు.

నరసింగరావు సగం విని ఆపేశాడు. ఆ మీదట బీరువా తెరిచి, పట్టుచీరల పక్క నుంచి తన కేసెట్టు తీశాడు. అదే సినిమాది, విశాఖపట్నంలో కొన్నది. దాన్ని ఈ ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోకూడదు. పేరు పెట్టి కూడా పిలవరు. అసలు కేసెట్టు అంటారు.

“ఇదీ, విను,” అన్నాడు అల్లుడితో. “వయొలిన్లు చూసావా? ఇరవై మంది ఒక్కపాలి లేస్తారు. ఆ పిల్ల గడప దిగితే ఊరు ఊరంతా ఏడ్చినట్టుంటాది. నీదాంట్లో ఏవోయ్ వయొలిన్లు? ఒక్క పిల్లనగ్రోవి, అదీ రబ్బరుది. తబలా మనిషి వాయించాడా, గడియారం వాయించిందా? ఉన్న వయొలిన్లు ఎగ్గొట్టీసి ఇదే ఆ సంగీతం అని ఎవరి చెవిలో పువ్వులు పెడతావు?”

అనిల్‌కుమార్ ఏదో అనబోయి, మామగారి ముఖం చూసి మానేశాడు. తర్వాత విస్తళ్లు వేశారు. తింటూ కూడా నరసింగరావు ఊరుకోలేదు. తుక్కు మాట అప్పుడొచ్చింది.

తులసమ్మ మజ్జిగ గిన్నె తెచ్చి భర్త విస్తరి పక్కన పెట్టింది. పొయ్యలేదు. పెరట్లోకి నడిచింది.

కుళాయి కట్టేసిన వేళ. అనిల్‌కుమార్ జామచెట్టు కింద గోలెం పక్కన నిలబడి ఉన్నాడు. జామాకుల మీద ప్లాంటు ఎర్రదుమ్ము పేరుకుని ఉంది. తులసమ్మ చెంబు ముంచింది.

“చెయ్యి పట్టు బాబూ.”

“నేను కడుక్కుంటా అత్తమ్మా.”

“పట్టు.”

పట్టాడు. ఆయన మాటలు మనసులో పెట్టుకోకు అని చెప్పబోయి ఆమె ఆగిపోయింది. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ మాట ఎంతమందికి చెప్పిందో. ఆడపడుచులకు చెప్పింది, పక్క క్వార్టరు వాళ్లకు చెప్పింది, పాలవాడికి చెప్పింది. ఇంకొకసారి చెప్పడానికి నోరు రాలేదు. వేరే మాట అడిగింది.

“నువ్వు వయొలిన్లు ఎందుకు పెట్టలేదు?”

“ఛోడియే అత్తమ్మా. వదిలీండి.”

“అడిగిందానికి చెప్పు.”

అతను చెయ్యి దులుపుకున్నాడు. “సినిమాలో లేవు కాబట్టి పెట్టలేదు. మా ఖుర్సీపార్ వీడియో షాపులో సినిమా కేసెట్టు దొరికింది. ఆ రేవు సీను మళ్లీ మళ్లీ చూసాను. ఒక్క పిల్లనగ్రోవే. ఔర్ కుఛ్ నహీ. తెడ్డు చప్పుడు తప్ప ఇంకేటీ లేదు.”

“మరి మీ మామగారి కేసెట్టు?”

“అది కూడా ఎవరో తర్వాత మళ్లీ వాయించి రికార్డు చేసిందే. నాదాని లాగే. వింటే తెలిసిపోతుంది కదా అత్తమ్మా. ఎడం స్పీకర్లో వయొలిన్లు, కుడి స్పీకర్లో ఢోలక్కు. దేనికదే అలగ్ అలగ్. ఆ జమానాలో తెలుగు సినిమా అలా తియ్యలేదు. అన్నీ కలిసి ఒకే చోటునుంచి వచ్చేవి. కంపెనీవాళ్లు అట్ట మీద పాతబొమ్మ వేసి అమ్మీసారు.”

“తెలిసి ఆయనకి చెప్పలేదా?”

అనిల్‌కుమార్ తల వంచుకున్నాడు.

“ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు అత్తమ్మా. చేతులు ఇలా ఇలా ఊపుతున్నారు. ఆ టైములో ఎలా చెప్పమంటారు? నా వల్ల కాలేదు.”

తులసమ్మ చేతిలో చెంబు గోలెం అంచు మీద పెట్టింది.

ఈ కుర్రాడు జాలిపడి ఊరుకున్నాడు. ఆమె ఊరుకున్నది జాలితో కాదు.

పార్వతీపురం సినిమా హాల్లో ఆమె అన్నయ్య పరబ్రహ్మం గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. ‘రేవు దాటిన పడవ’ ఆడిన వేసవిలో తులసమ్మకి పెళ్లి కుదిరి ఉంది. ఇంట్లో పని తెమిలితే చాలు, అన్నయ్య పేరు చెప్పుకుని లోపలికి వెళ్లి ఆడవాళ్ల బెంచీ మీద కూర్చునేది. రేవు ఘట్టం వచ్చేసరికి వేరుశెనగకాయలు వలిచేవాళ్లు కూడా చేతులు ఆపేవాళ్లు. కొంతసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. మిషను ఆగిపోయిందేమో అని కొత్తవాళ్లు వెనక్కి చూసేవాళ్లు. అప్పుడు పిల్లనగ్రోవి మొదలయ్యేది, ఒంటరిగా. పెళ్లయి రైలెక్కి ఈ ఊరు వచ్చేటప్పుడు, దుర్గ్ దగ్గర తెల్లారుతుండగా, ఆమె చెవుల్లో అదే ఉంది.

కేసెట్టు ఇంటికి వచ్చిన రోజున ఆమె వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. విన్నది. “ఇది కాదండీ. ఈ వయొలిన్లు అందులో లేవు,” అంది.

“నీకేటి తెలుసే? పప్పు మాడతంది, ఎల్లి చూడు,” అన్నాడు నరసింగరావు.

ఆమె వెళ్లి పప్పు చూసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడంలో ఒక సుఖం దొరికింది. ఆదివారాలు అతిథుల నడుమ నరసింగరావు కళ్లు మూసుకుని, అసలుదాంట్లో లేని వయొలిన్లకు చేతులు ఊపుతూ, ఈ కాలపు వాళ్లకు చెవులున్నాయా అని అడుగుతుంటే, టీ గ్లాసులు అందిస్తూ ఆమె లోపల అనుకునేది: ఊపండి, బాగా ఊపండి. పదేళ్లకు పైగా ఆ నవ్వు ఒక్కటే ఆమె సొంతం. భర్త పెట్టిన బంగారం కంటే భద్రంగా దాచుకుంది.

ఇవాళ కూడా, నేతిగిన్నె పట్టుకుని నిలబడి, అల్లుడి తల దించుకుపోతుంటే కూడా, ఒక్క క్షణం నవ్వుకుంది. అది గుర్తొచ్చి ఆమెకు నోరు చేదయింది.

“మీరు అసలుది విన్నారు కదా అత్తమ్మా,” అన్నాడు అనిల్‌కుమార్. ఆమె మౌనంలోంచి అంత మాత్రం గ్రహించినట్టున్నాడు. “చెప్పండి. నాది ఎలాగుంది?”

“బాగులేదు బాబూ.”

అతను కళ్లు ఆర్పాడు.

“వరస తప్పలేదు. అన్నీ ఉన్నాయి. కానీ అది మనిషి వాయించినట్టు లేదు. అసలుదాంట్లో ఆ పిల్ల నడుస్తా నడుస్తా ఆగీది, ఎనక్కి చూసీది, మళ్లీ నడిచీది. పాట వింటేనే తెలిసిపోయీది, తెర చూడక్కర్లేదు. నీది కీ ఇచ్చిన బొమ్మ నడిచినట్టు నడిచీసింది.”

“సహీ బాత్. నిజమే,” అన్నాడు. “పిల్లనగ్రోవి వాయించే మనిషి దొరకలేదు. మీటలు నొక్కీసాను. మామయ్యగారు ఈ మాట అని ఉంటే కాళ్లు పట్టుకునీవాణ్ణి.”

వెనకనుంచి గొంతు వినిపించింది. “అమ్మా, నీకు తెలుసా?”

కృష్ణప్రియ వెనక గుమ్మంలో ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

“నాన్న కేసెట్టు అసలుది కాదని నీకు ముందునుంచీ తెలుసా?”

“తెలుసు.”

“తెలిసి, నేతిగిన్నె పట్టుకుని నిలబడ్డావా?”

తులసమ్మ గోలెం అంచు మీది చెంబు తీసి కింద పెట్టింది.

“నాన్న తిడతాడు. నువ్వు చూస్తావు. నాన్నే నయం అమ్మా. ఆయన పైకి అంటాడు.”

“ప్రియా, చుప్,” అన్నాడు అనిల్‌కుమార్.

“నేనెందుకు చుప్? ఈ ఇంట్లో చుప్ ఉన్నవాళ్లు ఒకళ్లు చాలరా?”

తులసమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. కూతురి పక్కనుంచి తప్పుకుని ఇంట్లోకి వెళ్లింది.

ముందుగదిలో నరసింగరావు వక్కపొడి నములుతున్నాడు. వెంకటేశ్వరరావు కార్యక్రమం చదువుతున్నాడు.

“ప్రార్థన, పిల్లల డాన్సు, సన్మానం. ఆ మీదట మీ అల్లుడుగారి ఆర్కెస్ట్రా.”

“దానికి ముందు పావుగంట నాకు రాసుకో. ముందు వాడి కేసెట్టు, ఆ తర్వాత నాది. జనం వింటారు. ఏది బంగారమో ఏది గిల్టో తేల్చుకుంటారు. ఆ తర్వాత ఎక్కి వాయించుకోమను, మొహం ఉంటే.”

“ఆ కేసెట్టు పట్టుకెల్లకండి,” అంది తులసమ్మ.

“ఏం?”

“అది అసలుది కాదు.”

నరసింగరావు ముందు వెంకటేశ్వరరావు వైపు చూశాడు, ఇది విన్నావా అన్నట్టు. తర్వాత ఇద్దరూ నవ్వారు.

“అల్లుడు పెరట్లో పాఠం చెప్పినట్టున్నాడు,” అన్నాడు నరసింగరావు.

“అల్లుడు చెప్పడం కాదు. నేను పార్వతీపురంలో విన్నాను. ఒక్క పిల్లనగ్రోవే ఉండీది. వయొలిన్లు లేవు.”

“పార్వతీపురం! ఆ రేకుల షెడ్డు! తెర వెనక స్పీకరు చిరిగిపోయుంటాది. మద్రాసులో ఇరవై మంది వయొలిన్లు వాయిస్తే మీ పార్వతీపురం దాకా రాలేదు పాపం, మధ్యలో బొబ్బిలిలో దిగిపోనారు.”

వెంకటేశ్వరరావు తొడ కొట్టుకుని నవ్వాడు.

తులసమ్మ టేప్‌రికార్డరు దగ్గరికి నడిచింది. ఇన్నేళ్లలో దుమ్ము తుడవడానికి తప్ప దాన్ని ముట్టుకోలేదు. మీట నొక్కింది. వయొలిన్లు లేచాయి. నరసింగరావు కళ్లు అలవాటు మీద మూతలు పడ్డాయి.

ఆమె వంగి ఎడమవైపు స్పీకరు తీగ లాగేసింది.

వయొలిన్లు మాయమయ్యాయి. ఢోలక్కు మిగిలింది, దాని వెనక సన్నగా పిల్లనగ్రోవి. ఆమె ఆ తీగ పెట్టి కుడివైపుది లాగింది. ఈసారి ఢోలక్కు పోయి వయొలిన్లు వచ్చాయి. మళ్లీ ఇది పెట్టింది, అది లాగింది.

వెంకటేశ్వరరావు నవ్వు సగంలో ఆగింది. ఆయన ప్లాంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేస్తాడు. తీగల సంగతి తెలిసినవాడు.

“గురువుగారూ,” అన్నాడు నెమ్మదిగా. “ఆ రోజుల్లో మన సినిమాలకి ఇలా రెండు పక్కలా విడదీసి... ఉండీది కాదేమోనండీ.”

“నోర్ముయ్.”

“చిత్తం.”

వెంకటేశ్వరరావు చదువుతున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన తలూపకపోవడం ఈ గదిలో అదే మొదలు. నరసింగరావు అది చూశాడు. కేసెట్టు తీసి అటూ ఇటూ తిప్పాడు. ఏదో దొరుకుతుందన్నట్టు అట్ట మీది బొమ్మను వేలితో రుద్దాడు. అప్పుడు భార్య వైపు తిరిగాడు.

“నీకు ఎప్పట్నుంచి తెలుసు?”

“తెచ్చిన రోజునుంచి.”

“అన్ని ఆదివారాలూ టీ ఇచ్చావు.”

“ఇచ్చాను.”

“ఇస్తా, నన్ను చూసి నవ్వుకున్నావన్నమాట.”

కాదండీ అనేస్తే ఆ గొడవ అక్కడితో అణిగిపోయేది. అలా అనడం ఆమెకు బాగా తెలుసు. వంటింటి గుమ్మంలో కృష్ణప్రియ, ఆమె వెనక అల్లుడు నిలబడి ఉన్నారు.

“నవ్వుకున్నాను,” అంది తులసమ్మ.



నరసింగరావు ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. ఆఖరికి పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. ఆ వంకర ఈ ఇంట్లో అందరికీ తెలిసినదే.

“బాగుంది. వెంకటేశ్వరరావ్, అంశం అలాగే ఉండనీ. రెండు కేసెట్లూ పెడదాం. నేను మాట్లాడను. అసలుదేదో, నకిలీదేదో మా ఆవిడ చెప్తాది. స్టేజీ ఎక్కి, మైకు పట్టుకుని, సెక్టర్ సిక్స్ తెలుగోళ్లందరి ముందూ. ఏమే? పేరంటంలో నలుగురు పాడమంటే తలుపు చాటున నక్కుతావు కదా. నవ్వడానికి ధైర్యం అక్కర్లేదు. చెప్పడానికి కావాల. చెప్తావా?”

“మామయ్యగారూ, వద్దు,” అన్నాడు అనిల్‌కుమార్ ముందుకొచ్చి. “నేను ఆర్కెస్ట్రా కేన్సిల్ చేసుకుంటా. బాత్ ఖతమ్.”

“నిన్నడగలేదు.”

“చెప్తాను,” అంది తులసమ్మ.

సాయంత్రం హాలు నిండిపోయింది. పొద్దుటి ఎ-షిఫ్టు దిగినవాళ్లు పెళ్లాం పిల్లలతో వచ్చారు. నందిని గనులనుంచి కూడా ఒక జీపు వచ్చింది. నరసింగరావు ఇస్త్రీ పంచె కట్టుకుని ముందువరసలో కూర్చున్నాడు. దారి పొడుగునా స్కూటరు మీద ఆమె తన మాట వెనక్కి తీసుకుంటుందని గేటు దాకా ఎదురుచూశాడు. హాలు మెట్ల దాకా చూశాడు.

పేరు పిలిచారు. ఇద్దరూ ఎక్కారు.

“సోదర సోదరీమణులారా,” అన్నాడు నరసింగరావు మైకులో. “ఒకే సంగీతం రెండు సార్లు వింటారు. ఏది నిజమైనదో మా శ్రీమతి సెలవిస్తారు. ఆవిడ పార్వతీపురం రేకుల షెడ్డులో చదువుకున్న విద్వాంసురాలు.”

హాలు నవ్వింది. ఆయన ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగి, మైకు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు. దిగిపోలేదు. పక్కనే నిలబడ్డాడు.

పక్క తెర చాటున అనిల్‌కుమార్ కీబోర్డు దగ్గర నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు: వద్దు అత్తమ్మా, వదిలీండి. మళ్లీ మామగారి మీద జాలి. ముందువరసలో కృష్ణప్రియ చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ ముఖంలో జాలి లేదు, తల్లి మీద కూడా.

వెంకటేశ్వరరావు రెండు కేసెట్లు రెండు చేతుల్లో పట్టుకుని టేప్‌రికార్డరు దగ్గర వంగాడు. “ముందేది పెట్టమంటారమ్మా?”

తులసమ్మ రెంటినీ చూసింది.

“రెండూ వద్దు. రెండూ అసలువి కావు,” అంది.

ఆ గొంతు హాలంతా తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. అంత పెద్ద గొంతు తనకుందని ఆమెకు తెలియదు. వెనక వరసల్లో కుర్చీలు కదిలాయి.

నరసింగరావు ఆమె చెవి దగ్గరికి వంగాడు. పళ్లు బిగబట్టి, ఆమె ఒక్కర్తికే వినపడేలా అన్నాననుకున్నాడు.

“రెండూ వద్దంటే మరేటి వినిపిస్తావే, దరిద్రపు మొహమా?”

మైకు ఆ మాటను ఆఖరి వరుస దాకా తీసుకెళ్లింది.

నవ్వడానికి నోరు తెరిచినవాళ్లు తెరిచినట్టే ఉండిపోయారు. ఆడవాళ్ల వరసలో ఎవరో “అయ్యో” అన్నారు. కృష్ణప్రియ కట్టుకున్న చేతులు విప్పి లేచి నిలబడింది. నరసింగరావుకి ఏం జరిగిందో తెలియడానికి కొంచెంసేపు పట్టింది. తెలిశాక, ముఖం చేత్తో తుడుచుకుని, మైకు కోసం చెయ్యి చాచాడు.

తులసమ్మ ఇవ్వలేదు.